రాయబారము పిల్లల పని కాదు

దుబాసీ అను మాట మనకు హిందూస్థానీ నుండి వచ్చినది. రెండు భాషలు తెలిసి, ఇరుపక్షముల నడుమ నిలిచి, ఒకరి మాటను మరియొకరికి అందించువాడు దుబాసీ. కుంఫిణీవారి కాలమున చెన్నపట్టణములో ఈ వృత్తివలన మేడలు కట్టినవారు కలరు. బేరము కుదిరిననాడు వారు ప్రతిఫలము పుచ్చుకొన్నారు. కుదరనినాడు ఇంటికి పోయి నిద్రించినారు. అనువాదకుడు కూడ ఆ కోవలోనివాడే. మాటను మోయుట అతని పని; ఆ మాటలోని విషము అతనికి ఎక్కదు. ఇట్టి రక్షణ ఏమియు లేని దుబాసీ మరియొకడు ఉన్నాడు. అతనికి కూలి లేదు, సెలవు లేదు. తాను మోయు ప్రతి మాటయు అతనికే తగులును. విడిపోవుచున్న తల్లిదండ్రుల బిడ్డ ఆ దుబాసీ. అతనిని ఆ పనినుండి తప్పింపవలెనని చెప్పుటకే ఈ వ్యాసము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఆదిత్యపూర్‌లో ఒక ఇంటికి నన్ను పిలిచినారు. ఖర్కాయి నదికి అవతలి ఒడ్డున జంషెడ్‌పూర్. అక్కడ ఉక్కు తయారగును, లారీలు తయారగును. ఇవతలి ఒడ్డున ఆదిత్యపూర్. ఇక్కడ ఆ లారీలకు కావలసిన విడిభాగములు చేయు చిన్న పెద్ద కర్మాగారములు ఉన్నవి. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పని వెదకికొనుచు వచ్చి ఇక్కడనే స్థిరపడిన తెలుగువారు ఈ ఉక్కు నగరమున తరతరములుగా ఉన్నారు. బిష్టుపూర్‌లో వారు కట్టుకొన్న రామమందిరము ఉన్నది. నన్ను పిలిచిన ఇంట కోడలు తెలుగుపిల్ల, అల్లుడు హిందీవాడు. ఇద్దరును ఇష్టపడి పెండ్లి చేసికొన్నవారే. పదకొండేండ్లు కాపురము చేసిన పిమ్మట ఇక కలిసి ఉండలేమన్నారు. పెద్దలు కూర్చున్నారు. పలాస దగ్గరి పల్లెనుండి వచ్చిన అమ్మమ్మకు హిందీ రాదు. నాయనమ్మకు తెలుగు రాదు. రెండును తెలిసినవానినని నన్ను రమ్మన్నారు.

వంతెనమీద బండ్లు ఆగిపోయినందున నేను గంట ఆలస్యముగా చేరినాను. అప్పటికే సభ నడుచుచున్నది. దుబాసీ కొరత ఎవరికిని తెలియలేదు. తొమ్మిదేండ్ల మనుమడు ఆ పని చేయుచున్నాడు.

నేను గడపలోనే నిలిచి విన్నాను. "నా పిల్ల ఆ గుమ్మం తొక్కదు బాబూ. ఆ మనిషి ముఖం కూడా చూడదు" అన్నది అమ్మమ్మ. పిల్లవాడు నాయనమ్మవైపు తిరిగి, అమ్మ చాల అలసిపోయినదని నానీ అంటున్నది అని హిందీలో చెప్పినాడు. నాయనమ్మ చేయి విసరి, కోడలు పోతే పోనీ, వంశాంకురమును మాత్రము ఇక్కడ వదలి పొమ్మన్నది. పిల్లవాడు ఒక్క క్షణము ఆగినాడు. "అమ్మమ్మా, నీకు టీ కావాలా అని దాదీ అడుగుతోంది" అన్నాడు.

ముప్పది సంవత్సరములుగా హిందీనుండి తెలుగునకు, తెలుగునుండి హిందీకి మాటలు తరలించుట నా వృత్తి. అంత తప్పు అనువాదమును, అంత తెలిసి చేసిన అనువాదమును నేను ఎన్నడును వినలేదు. రెండు వైపుల నుండియు వచ్చుచున్న రాళ్లను ఆ పసివాడు గాలిలోనే పట్టుకొనుచున్నాడు. తన్ను గూర్చి పలికిన మాటను తానే మ్రింగి, దాని స్థానమున టీ గ్లాసు పెట్టినాడు. నేను వానిని లేపి ఆడుకొనుటకు పొమ్మన్నాను. వాడు పోలేదు, నేను ఉన్నది ఉన్నట్లు చెప్పుదునేమోయని భయపడి తలుపు దగ్గరనే నిలుచున్నాడు.

ఆనాటి పెద్దల తీర్పు పాఠకులు ఊహింపగలరు. పిల్లవాని ముఖము చూచి సర్దుకొనిపొండి అన్నారు. ఎవరును ఆ ముఖమును చూడలేదు. ఆరు నెలలకు భార్యాభర్తలు విడిపోయినారు.

ఇది ఒక ఇంటి కథ అని త్రోసివేయుటకు వీలులేదు. మన పెద్దమనుష్యుల పంచాయితీకిని, మన చట్టమునకును ఈ విషయములో ఒకే దోషము ఉన్నది. రెండును మధ్యవర్తిత్వమనగా కాపురము కలుపుటయే అని నమ్మినవి. 1955 నాటి హిందూ వివాహ చట్టము, 23వ సెక్షనులో, తీర్పునకు ముందు దంపతులను కలుపుటకు అన్ని విధముల ప్రయత్నింపుమని న్యాయస్థానమును ఆదేశించినది. కుటుంబ వివాదములను తక్కిన వ్యాజ్యములవలె నడుపరాదని 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో చెప్పినది. ఆ దారినే 1984లో కుటుంబ న్యాయస్థానముల చట్టము వచ్చినది. ఆ చట్టము మంచి చట్టము. ప్లీడరును పెట్టుకొనుట అందులో హక్కు కాదు, సలహాదారులను నియమింపవలెనన్నది, మొదట రాజీకి యత్నింపవలెనని 9వ సెక్షను చెప్పుచున్నది. అయితే న్యాయాధిపతులుగా ఎట్టివారిని ఎన్నుకొనవలెనో చెప్పుచు, వివాహ వ్యవస్థను కాపాడవలెనను నిష్ఠయు, పిల్లల క్షేమమునందు ఆసక్తియు కలవారిని ఎన్నుకొనుమన్నది. ఈ రెండు నిష్ఠలును ఒకే వాక్యములో జంటగా కూర్చున్నవి. అవి ఎల్లప్పుడును ఒకే దారిన నడుచునని చట్టము రాసినవారు తలచినట్లున్నది. నడువనినాడు ఏమి చేయవలెను? వివాహము నిలువదని తేలిననాడు పిల్లల క్షేమమును ఎవరు చేతికి తీసికొనవలెను?

అచటనే మనవారు లేచిపోవుదురు. రాజీ కుదరలేదని కాగితముమీద ఒక పంక్తి వ్రాసి మధ్యవర్తి చేతులు కడుగుకొనును. అతని అసలు పని ఆ పంక్తి తరువాతనే మొదలు కావలసి యున్నది. కలిసి ఉన్నవారికి మధ్యవర్తితో అంత అవసరము లేదు. విడిపోయి కూడ పదునైదేండ్లపాటు ఒక బిడ్డను పెంపవలసినవారికి, ఆ బిడ్డ చదువు, జ్వరము, పండుగ, పెండ్లి అనువాటి కొరకు జీవితాంతము ఎదురుపడవలసినవారికి మధ్యవర్తి కావలెను. 2013లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక దంపతుల వ్యాజ్యములో సుప్రీం కోర్టు, వివాహ వివాదములలో మధ్యవర్తిత్వమును తప్పక ప్రయత్నింపవలెనని దేశమునందలి న్యాయస్థానములకు చెప్పినది. వ్యాజ్యము పుట్టకముందే వినుటకు మధ్యవర్తిత్వ కేంద్రములలో ఏర్పాటు ఉండవలెనన్నది. ఆ మాటను స్వాగతింపవలసినదే. కాని వివాహము మిగులునా లేదా అని ఒక్క లెక్కతోనే ఆ ప్రయత్నపు ఫలమును కొలుచుచున్నంత కాలము, బిడ్డ ఆ లెక్కలో చేరడు.

పరస్పర అంగీకారముతో విడాకులు కోరువారికి 1976లో చేర్చిన 13-బి సెక్షను ఆరు నెలల గడువు పెట్టినది. ఆ గడువును సందర్భమునుబట్టి మన్నింపవచ్చునని 2017లో సుప్రీం కోర్టు చెప్పినది. గడువు ఉండవలెనా వద్దా అని ప్లీడర్లు చాల వాదించినారు. ఆ ఆరు నెలలలో ఒక్క మధ్యాహ్నమైనను బిడ్డ కొరకు కేటాయింపుడని వాదించినవారిని నేను చూడలేదు.

ఇప్పుడు ఆదిత్యపూర్‌కు తిరిగి రండు. నేను చెప్పిన దంపతులలో తల్లి ఆదిత్యపూర్‌లో ఉండిపోయినది. తండ్రి నది దాటి జంషెడ్‌పూర్‌లో గది తీసికొన్నాడు. వంతెన నడిచి దాటదగినది. కాని ఆదిత్యపూర్ సరాయికేలా-ఖర్సావా జిల్లాలోనిది, జంషెడ్‌పూర్ తూర్పు సింగ్‌భూమ్ జిల్లాలోనిది. బిడ్డ ఎచట నివసించునో అచటి న్యాయస్థానములో సంరక్షణ వ్యాజ్యము. వివాహము ఎచట జరిగినదో అచట కూడ విడాకుల వ్యాజ్యము వేయవచ్చును. మనోవర్తి పిటిషను వేరొకటి. పెండ్లి శ్రీకాకుళము జిల్లాలో జరిగినచో ఒక బిడ్డ బ్రతుకు రెండు రాష్ట్రములలో, మూడు దస్త్రములలో, రెండు మూడు భాషలలో నడువగలదు. ఏ దస్త్రములోను బిడ్డ పూర్తిగా ఉండడు.

చివరకు ఒక ఉత్తరువు వచ్చును. ప్రతి ఆదివారము పది గంటలనుండి అయిదు గంటలవరకు తండ్రి బిడ్డను చూడవచ్చును. ఇది ఆఫీసు ఉద్యోగి వారమును మనసులో పెట్టుకొని వ్రాసిన ఉత్తరువు. కర్మాగారములో పని చేయువానికి వారమునకొక షిఫ్టు మారును. రాత్రి షిఫ్టు ముగించుకొని ఆదివారము ఉదయము ఇల్లు చేరినవాడు పది గంటలకు బిడ్డను తీసికొని ఏమి చేయును? నిద్రించును. బిడ్డ ఆ గదిలో గోడవైపు చూచుచు కూర్చుండును. సాయంకాలము ఇంటికి వచ్చి నాన్న నిద్రపోయినాడని చెప్పితే, అది తల్లి పిటిషనులో ఒక పేరా అగును. చెప్పకపోతే బిడ్డ అబద్ధము నేర్చినవాడగును. షిఫ్టుల పట్టిక బల్లమీద పెట్టి, ఏ వారము శనివారము, ఏ వారము బుధవారము సాయంకాలము అని అరగంటలో తేల్చగల మనిషి అక్కడ ఒకడున్నచో ఈ దుఃఖము పుట్టకపోవును. న్యాయాధిపతికి అంత తీరిక లేదు. ప్లీడరుకు ఆ పట్టికతో పనిలేదు. తల్లిదండ్రులు ఒకరితో ఒకరు మాటలాడరు. ఇక మిగిలినవాడు బిడ్డయే. "నీ నాన్నతో చెప్పు, ఫీజు కట్టలేదని", "మీ అమ్మతో చెప్పు, వచ్చే వారము కుదరదని". సంచిలో పుస్తకములతోపాటు ఈ కబురులను మోసికొని వాడు వంతెన దాటును.

హిందీ సాహిత్యము తెలిసిన పాఠకులకు ఈ బిడ్డ పరిచితుడే. మన్నూ భండారీ నవల 'ఆప్‌కా బంటీ' 1971లో పుస్తకముగా వచ్చినది. తల్లి శకున్ కాలేజీ ప్రిన్సిపాలు. తండ్రి అజయ్ కలకత్తాలో వేరుగా ఉన్నాడు. వారిద్దరి నడుమ రాకపోకలు చేయువాడు ఒక వకీలు. బంటీ వానిని చాచా అని పిలుచును. ఈ వకీలు చాచా దుర్మార్గుడు కాడు. ఇరువురికిని హితుడు, బంటీయందు ప్రేమ కలవాడు. మధ్యవర్తికి ఉండవలసిన గుణములన్నియు వానికి ఉన్నవి. వాడు విడాకుల కాగితములమీద సంతకము చేయించును; తల్లికి క్రొత్త జీవితమును గూర్చి సలహా చెప్పును; బిడ్డను గూర్చి కూడ పెద్దలతోనే మాటలాడును. బంటీని కూర్చుండబెట్టుకొని, ఏమి జరుగబోవుచున్నదో వానికి అర్థమగు మాటలలో చెప్పవలెనని వానికి తోచదు. బంటీ తలుపుల వెనుకనుండి, సగము మాటలనుండి తన భవిష్యత్తును తానే అనువదించుకొనును. తల్లి రెండవ ఇంట ఇమడలేక, తండ్రి రెండవ ఇంట ఇమడలేక, తుదకు హాస్టలు దారి పట్టును. ఆ నవలను చదివి కన్నీరు పెట్టినవారు ఎందరో ఉన్నారు. తల్లి స్వార్థమా, తండ్రి స్వార్థమా అని వారు తర్కించుట నేను విన్నాను. నా దృష్టిలో ఆ నవల మోపిన నేరము వకీలు చాచామీద, అనగా మంచివారమనుకొను మనమీద.

ఈ వాదమునకు మూడు ఆక్షేపణలు వినవచ్చుచున్నవి.

మొదటిది: అమ్మ కావలెనా నాన్న కావలెనా అని పసివానిని అడుగుట పాపము గదా అని. నిజముగా పాపమే. అట్లు అడుగుమని నేను చెప్పుట లేదు. ఎన్నుకొనుమనుట వేరు, వినుట వేరు. నిన్ను బడికి ఎవరు తీసికొని పోవుచున్నారు, రాత్రి దేనికి భయపడుదువు, నీ స్నేహితులు ఏ వీధిలో ఉన్నారు, పెద్దలకు ఏ మాట చెప్పవలెనని నీకున్నది అని తెలిసినవారు మెల్లగా అడిగినచో బిడ్డ భారము తగ్గును. ఇది విదేశపు వింత కాదు. ఆలోచింపగల వయసు వచ్చిన మైనరు ఇష్టమును న్యాయస్థానము గమనింపవచ్చునని 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టము 17వ సెక్షనులో ఉన్నది. వీలైనంతవరకు పిల్లల కోరికకు అనుగుణముగా ఉత్తరువు ఉండవలెనని హిందూ వివాహ చట్టము 26వ సెక్షను చెప్పుచున్నది. తన్ను గూర్చిన విషయములలో బిడ్డ మాట వినబడవలెనని 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణము. దానిని భారతదేశము 1992లో అంగీకరించినది. నూటముప్పది యేండ్లకు పైబడి మన చట్టము చెవి ఒగ్గి ఉన్నది. ఆ చెవికి మాటను చేర్చువాడే లేడు.

రెండవది: విడిపోవుటను సుఖముగా చేసినచో అందరును విడిపోవుదురు అని. విడిపోవుచున్నవారిని కష్టపెట్టి కాపురములు నిలబెట్టవచ్చునను ఈ సిద్ధాంతము, అందుకు పిల్లలను కంచెగా నాటుటకు సిద్ధపడినది. కంచెకు ముండ్లు గుచ్చుకొనవని వారి ధీమా కాబోలు. నార్వేలో పదహారేండ్ల లోపు పిల్లలున్న తల్లిదండ్రులు వేరుపడునపుడు మధ్యవర్తి ఎదుటికి తప్పక పోవలెను. పోవునది పిల్లల ఏర్పాటు మాటలాడుకొనుటకు. విడిపోవుట అను గాయమునకు కట్టు కట్టుట అది. కట్టు ఉన్నదని ఎవడును గాయము చేసికొనడు.

మూడవ ఆక్షేపణ బలమైనది. దానికి నేను తల వంచుచున్నాను. కొట్టువాని ఎదుట, దెబ్బలు తిన్న స్త్రీని కూర్చుండబెట్టి రాజీ పడుమనుట మధ్యవర్తిత్వము కాదు. అది రెండవ దెబ్బ. ఆస్ట్రేలియాలో 2006 సంస్కరణలప్పటినుండి, పిల్లల విషయమై కోర్టునకు పోకముందు మధ్యవర్తిత్వమునకు పోవలెనను నియమము ఉన్నది. కాని ఇంటిలో హింస, బిడ్డలపై దౌర్జన్యము ఉన్నచోట ఆ నియమమును సడలించినారు. మనకు 2005 నాటి గృహహింస నిరోధక చట్టము ఉన్నది. అట్టి ఇంటికి అదే దారి. కావున ఎవరినైనను ఒకే గదిలో కూర్చుండబెట్టకముందు ఇరువురినీ వేరువేరుగా విచారించుట మొదటి నియమము కావలెను. రెండవ నియమము ఇంతకంటె ముఖ్యమైనది. "మనోవర్తి వదలుకో, పిల్లవాడిని నీకే ఇచ్చెదము" అను బేరమును మన పంచాయితీలలో వినని తెలుగువారు ఉండరు. బిడ్డను త్రాసులో ఒక తట్టలో పెట్టి, రెండవ తట్టలో రూపాయలు పెట్టుట అది. దానిని రాజీ అని పిలుచుట భాషకు చేయు ద్రోహము. డబ్బు మాటయు బిడ్డ మాటయు ఒకే రోజున, ఒకే బల్లమీద నడువరాదు.

ఇక చేయవలసినది ఏమి? క్రొత్త చట్టము వచ్చువరకు ఆగనక్కరలేదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో, తల్లిదండ్రులిరువురును కలిసి బాధ్యత వహించు సంరక్షణ పద్ధతిని, అందు మధ్యవర్తుల సహాయమును సిఫారసు చేసినది. అది మేధావులకు ఒక దారి. సామాన్యునికి దగ్గరగా ఉన్న తలుపు మరియొకటి ఉన్నది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, పిల్లలు, పారిశ్రామిక కార్మికులు ఉచిత న్యాయసహాయమునకు అర్హులు. ఆదిత్యపూర్ వంటి ఊరిలో ఈ మూడు మాటలతో ఒక కుటుంబము పూర్తి అయినది: తల్లి స్త్రీ, తండ్రి కార్మికుడు, వారి నడుమ బిడ్డ. ఆ తలుపు వెనుక మూడు భాషలు తెలిసిన ఒక మనిషిని, ఒక బల్లను, ఒక షిఫ్టుల పట్టికను ఉంచుట రాజ్యమునకు భారము కాదు.

ఆ బల్లమీద తేలవలసినవి చిన్న విషయములే. బడి ఏది, ఫీజు ఎవరు, జ్వరము వచ్చిననాడు ఎవరికి ఫోను. దసరా ఎచట, ఛట్ పండుగ ఎచట. అమ్మమ్మ ఊరికి వేసవిలో ఎన్ని దినములు. తల్లిదండ్రులు ఒకరికొకరు చెప్పవలసినది నేరుగా ఒక పుస్తకములో వ్రాసికొనవలెను, లేదా ఫోనులో పంపుకొనవలెను. బిడ్డ నోటిద్వారా ఒక్క కబురును పోరాదు. బిడ్డ పెరుగును గనుక ఏటేట ఆ కాగితమును తిరిగి చూడవలెను. కుదిరినదానిని న్యాయాధిపతి ముందుంచి, బిడ్డ క్షేమమునకు తగినదేనని ముద్ర వేయింపవలెను. సభలో భాషలు వేరైనచో దుబాసీని పిలువవలెను. ఆ దుబాసీ బంధువు కారాదు. ఎన్నడును, ఏ కారణముచేతను, ఆ ఇంటి బిడ్డ కారాదు.

తెలుగువారికి రాయబారము క్రొత్త విద్య కాదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ నాటకమును మన పల్లెలు రాత్రులు మేల్కొని చూచినవి. ఆ కథలో అన్నదమ్ముల బిడ్డలు విడిపోవుచున్నారు. అయిదు ఊళ్లు చాలునన్న మాటను మోసికొని పోయినవాడు శ్రీకృష్ణుడు. అందరిలో పెద్ద తల, గట్టి గుండె కలవాడు. ధర్మరాజు ఆ పనికి అభిమన్యుని పంపలేదు. పెద్దల రాయబారము విఫలమైన పిమ్మటనే అభిమన్యుడు పద్మవ్యూహములోనికి పోయినాడు. లోపలికి పోవుట తెలిసినది, వెలికి వచ్చుట తెలియలేదు. యుద్ధము ముగిసిన రాత్రి నిద్రలో తెగినవి ఉపపాండవుల తలలు. పెద్దలందరును ఎవరికివారు ధర్మము చెప్పినారు. లెక్క తీర్చినది పిల్లలు.

ఆనాడు ఆ ఇంట నేను చేసిన తప్పు చెప్పి ముగించెదను. పిల్లవాడు లేచిన చోట నేను కూర్చున్నాను. ఇరువురు ముసలమ్మల మాటలను ఒక్క అక్షరము పొల్లుపోకుండ అటునిటు అందించినాను. అది నా వృత్తిధర్మమని గర్వించినాను. వంశాంకురమును వదలి పొమ్మను మాటను కూడ తెలుగులో చెప్పినాను. తలుపు దగ్గర నిలిచినవాడు అది విన్నాడు. మాటను సరిగా మోసినంత మాత్రమున మధ్యవర్తి కానేరడని నాకు అప్పుడు తెలిసినది. సభను ఆపి, ముందు ఈ బిడ్డకు జరుగబోవునది చెప్పుడు, తరువాత మీరు మాటలాడుకొనుడు అని నేను అనవలసియుండెను. అన్నవారు లేరు. ఇకమీదనైనను అట్టి సభలలో కూర్చుండువారు ఎవరైనను, పెద్దమనుష్యులైనను, ప్లీడర్లయినను, న్యాయాధిపతులైనను, మొట్టమొదట తలుపువైపు చూడవలెనని నా మనవి.